అజ్ఞాతత్వము, సమూహ పర్యవేక్షణము : బస్తరు అనుభవము

అంతర్జాలమున పదిమందితో భాషించు వ్యక్తి తన పేరు, ఊరు, వృత్తి తెలియనీయక మాటలాడగలుగుటకు అజ్ఞాతత్వమని పేరు. ఇందు మూడు తెరగులు కలవు. పేరే లేకుండ మాటలాడుట మొదటిది. ఒక మారుపేరును స్థిరముగ ధరించి, ఆ పేరుతోడనే కీర్తిని గాని అపకీర్తిని గాని ఆర్జించుకొనుట రెండవది. అసలు పేరును ఒక్క నమ్మకస్థునికి మాత్రము తెలిపి, తక్కినవారి కది పొక్కకుండ కాపాడుమని కోరుట మూడవది. దీనినే గోప్యత యందురు. ఈ మూడింటిని ఒక్కటిగ భావించి వాదించుటచేతనే ఈ విషయమునందలి చర్చలు తరచు దారితప్పుచుండును. సమూహమున చేరిన మాటలను విని, చదివి, ఏది నిలువదగినది, ఏది తొలగింపదగినది అని నిర్ణయించు కార్యమునకు పర్యవేక్షణమని పేరు. ఆ పని చేయువానిని వాడుకలో మోడరేటరనియు, వాట్సాప్ గ్రూపులలో అడ్మిన్ అనియు పిలుతురు. పేరు దాచుకొను హక్కునకును, పరుల మానప్రాణముల రక్షణమునకును నడుమ ఘర్షణము ప్రపంచమంతట నున్నదే యైనను, అది ఎంత కఠోరముగ నుండగలదో తెలిసికొనుటకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు వంటి ప్రదేశము మరియొకటి లేదు.

కిరండూల్ : ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బస్తరు ప్రాంతమున దంతెవాడ జిల్లాలో, బైలాడీలా కొండల దిగువన నున్న గని పట్టణ మిది. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో ఇచట ఇనుపరాతి తవ్వకము నారంభించినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదున నుండుటయు, ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము అరకులోయ మీదుగ పోవుటయు కారణములుగ ఈ ఊరితో తెలుగువారికి చిరకాల సంబంధ మేర్పడినది. గనిలోను, రైల్వేలోను, వర్తకములోను తెలుగు కుటుంబములు పెక్కు కలవు. చుట్టుపట్ల పల్లెలలో గోండీ, హల్బీ వినబడును. దక్షిణమునకు పోయినకొలది తెలుగుతో పెనవేసికొన్న దొర్లి వినబడును. బజారునందును, కార్యాలయమునందును హిందీయే వ్యవహారము. ఇన్ని భాషలు ఒకే చోట కలిసిన సమాజము ఫోనునందు కలిసికొన్నప్పుడు ఎవరి మాట నెవరు పర్యవేక్షింపగలరను ప్రశ్న పుట్టక మానదు.

ఇంతకంటె గట్టి కారణము వేరొకటి కలదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకముగ సల్వాజుడుం అను సాయుధోద్యమము ఆరంభమైన నాటినుండి రెండు దశాబ్దములపాటు ఈ ప్రాంతమున మనిషి పేరు పలుకుటయే ప్రమాద హేతువయ్యెను. మావోయిస్టులు వానిని ముఖ్‌బిర్ (వేగులవాడు) అనినచో ప్రాణము పోవుట కలదు. పోలీసులు వానిని మావోయిస్టుల సంఘం సభ్యుడనినచో ఏండ్ల తరబడి కారాగృహము ప్రాప్తించుట కలదు. 2005 నాటి ఛత్తీస్‌గఢ్ విశేష జన సురక్షా చట్టము, చట్టవిరుద్ధ కార్యకలాపమను మాటకు మిక్కిలి విశాలమైన అర్థము నిచ్చినది. ఇట్టి చోట రేషను బియ్యము రాలేదని చెప్పుకొనుటకును, మాస్టరు బడికి వచ్చుట లేదని చెప్పుకొనుటకును గూడ పేదవాడు వెనుకాడుట సహజము. కనుక బస్తరులో అజ్ఞాతత్వము విలాసమని ఎవ్వరును అనజాలరు. అట్లే, పేరులేని ఒక్క వాక్యము మరియొకని ప్రాణము తీయగలదనుటయు ఇచట సంశయింపదగినది కాదు.

పూర్వరూపములు : అంతర్జాలమునకు బహుపూర్వమే మనకు ఆకాశరామన్న ఉత్తరములు సుప్రసిద్ధములు. బదిలీలు, పదోన్నతులు, కాంట్రాక్టులు, క్వార్టర్ల కేటాయింపులు నిత్యచర్చనీయములైన ప్రభుత్వరంగ పట్టణములు ఇట్టి ఉత్తరములకు పుట్టినిండ్లు. వానిలో కొన్ని నిజమైన అక్రమమును వెలికి తీసినవి. మరికొన్ని సహోద్యోగికి రానున్న పదోన్నతిని ఆపుటకే వ్రాయబడినవి. ఈ రెండవ రకము మితిమీరుటచే కేంద్ర విజిలెన్సు కమిషన్, పేరు లేని ఫిర్యాదులపైన, దొంగపేరుతో వచ్చిన ఫిర్యాదులపైన చర్య తీసికొనరాదని 1999 జూన్ 29న ఆదేశించెను. ఆ ఆజ్ఞ ఒక కీడును తొలగించి మరియొక కీడునకు దారితీసినది. పేరు పెట్టి వ్రాయువానికి రక్షణ ఏదియు లేకపోయెను. జాతీయ రహదారి పనులలోని అవినీతిని ప్రధానమంత్రి కార్యాలయమునకు నివేదించుచు తన పేరు గోప్యముగ నుంచవలసినదని ప్రార్థించిన సత్యేంద్ర దూబే అను యువ ఇంజనీరు లేఖ, పేరుతోకూడ కార్యాలయముల వెంట తిరిగినది. 2003 నవంబరులో ఆయన గయలో హతుడయ్యెను.

ఆ దారుణము పిమ్మట 2004 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము చేసిన తీర్మానము, ఈ వ్యాసవిషయమునకంతకు మూలసూత్రము వంటిది. దాని ప్రకారము ఫిర్యాది తన పేరును, చిరునామాను లేఖలో నిజముగ వ్రాయవలెను. ఆ లేఖను మూసి అతికించిన కవరులో పెట్టి, ప్రజాహిత సమాచారమని కవరు మీద వ్రాయవలెను గాని, తన పేరు మాత్రము కవరు మీద నుండరాదు. కమిషన్ ఆ కవరును విప్పి, పేరును వేరుపరచి, విషయమును మాత్రమే విచారణకు పంపును. పేరు లేనిచో స్వీకారము లేదు. పేరున్నను అది లోకమునకు తెలియదు. ఇందు వ్యక్తి సమూహమునకు అజ్ఞాతుడుగను, ఒక బాధ్యతాయుత సంస్థకు జ్ఞాతుడుగను ఉన్నాడు. అంతర్జాల సమూహములు చిరకాలము తడబడి తడబడి చేరుకొనిన యుత్తమ పద్ధతియు తుదకిదియే.

లోకానుభవము : కవరు విప్పు హస్తము నమ్మదగినదిగ నుండకున్నచో ఏమగునో రెండు దృష్టాంతములు తెలుపుచున్నవి. ఫిన్లండు దేశీయుడైన యోహాన్ హెల్సింగియస్ 1993లో ఒక సర్వరును నెలకొల్పి, దాని ద్వారమున పంపిన ఉత్తరములనుండి పంపినవాని చిరునామాను తొలగించి, సంఖ్యతో కూడిన మారుపేరు నిచ్చుచుండెను. ఎవరి సంఖ్య ఏదో తెలుపు పట్టిక ఆయన యొద్దనే యుండెడిది. 1995లో సైంటాలజీ సంఘము ఫిర్యాదుపై పోలీసులు వచ్చి ఒక పేరును రాబట్టిరి. ఇట్టి ఒత్తిడులలో భరోసా నీయజాలనని ఆయన 1996లో దానిని మూసివైచెను. దక్షిణ కొరియా దీనికి వ్యతిరేకమార్గమును తొక్కినది. దుర్భాషలు తగ్గునని తలచి, పెద్ద వెబ్‌సైట్లలో వ్రాయువారెల్లరును తమ గుర్తింపు సంఖ్యను ఋజువుపరచవలెనని 2007లో శాసించినది. దుర్భాషలు ఆశించినట్లు తగ్గలేదు సరికదా, 2011లో రెండు ప్రసిద్ధ సేవలనుండి మూడున్నర కోట్ల మంది వివరములు దొంగల పాలయ్యెను. 2012 ఆగస్టు 23న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ శాసనమును ఏకగ్రీవముగ కొట్టివేసినది. అసలు పేరు వ్రాయించిన మాత్రమున మనుష్యుల నోళ్లు శుద్ధియగునని నేటికిని మన దేశమున వాదించువారు ఈ కొరియా కథను ఒక్కమారు పరిశీలింపవలెను.

అజ్ఞాతుడగుటచే మనిషి అదుపు తప్పునని 2004లో జాన్ సూలర్ అను మనోవిజ్ఞానవేత్త ప్రతిపాదించెను. అయితే ఆయనయే దానికి రెండు ముఖములున్నవని చెప్పెను. ముసుగు చాటున క్రూరముగ మాటలాడువాడు ఉన్నట్లే, ముసుగుండుటచేతనే తన దుఃఖమును, వ్యాధిని, అవమానమును మొదటిసారి వెలిబుచ్చగలిగినవాడును ఉన్నాడు.

తెలుగువారి సమూహములు : 1990ల ఆరంభమున అమెరికాలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో ఎస్.సి.ఐ.టి. అను చర్చావేదికయందు కలిసికొనిరి.  2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున నెలకొల్పిన తెలుగు వికీపీడియాలో మారుపేరు పద్ధతి స్థిరపడినది. అచట సభ్యుడు ఏ పేరైనను పెట్టుకొనవచ్చును. అతడు చేసిన ప్రతి మార్పు చరిత్రలో శాశ్వతముగ నిలుచును. వివాదమును రచ్చబండ అను పుటలో అందరి యెదుట తేల్చుకొనవలెను. సభ్యుల అంగీకారముతో నెన్నుకొనబడిన నిర్వాహకులు దుశ్చేష్టితములను తొలగింతురు. పేరు కల్పితమైనను నడవడి కల్పితము కానేరదు గనుక ఏండ్లు గడిచినకొలది ఆ పేరే యొక పరువును సంతరించుకొనును. చిన్న సమూహమునకు ఇంతకు మించిన యేర్పాటు అవసరము లేదు.

సీజీనెట్ స్వర : బస్తరునకు రాగానే ఈ సిద్ధాంతములన్నియు క్రొత్త పరీక్షకు గురియగును. చదువురాని, అంతర్జాలము అందని, తన భాషలో పత్రికయే లేని మనిషికి వేదిక యేది? బి.బి.సి.లో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి, బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకు చెందిన బిల్ థీస్ తోడ్పాటుతో 2010 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ కొరకు సీజీనెట్ స్వరను ఆరంభించెను. దీనికి సాధారణమైన ఫోనొక్కటి చాలును. ఒక నంబరునకు ఫోను చేసి, ఒకటి నొక్కి తన మాటను రికార్డు చేయవచ్చును. రెండు నొక్కి ఇతరుల మాటలు వినవచ్చును. తరువాతి కాలమున మిస్డ్ కాల్ ఇచ్చిన చాలును, సర్వరే తిరిగి ఫోను చేయునట్లు ఏర్పాటయ్యెను. గోండీలోను, హిందీలోను, ఛత్తీస్‌గఢీలోను పాటలు, ఫిర్యాదులు, వార్తలు వచ్చి చేరెడివి. చేరినది వెంటనే వినబడదు. ముందుగ మోడరేటరు విని, అవసరమైనచో పంపినవానికి ఫోను చేసి నిజానిజములు విచారించి, ధ్వనిని సరిచేసి, పిదప విడుదల చేయును. ఈ కృషికి శుభ్రాంశు చౌధురి 2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థవారి పురస్కారమును అందుకొనెను.

ఇందు మిక్కిలి యాలోచింపదగిన విశేషమేమన, పేరు చెప్పుట ప్రమాదకరమైన ఆ ప్రాంతమునందే ఈ వేదికపై మాటలాడువారు తమ పేరు, ఊరు, పంచాయతి, బ్లాకు, జిల్లా వరుసగ చెప్పి, పరిష్కరింపవలసిన అధికారి ఫోను నంబరును గూడ చదివి, వినువారెల్లరును ఆయనకు ఫోను చేయుడని ప్రార్థించుచుండిరి. చేతిపంపు చెడినదనియో, ఉపాధి హామీ కూలి రాలేదనియో, మధ్యాహ్న భోజనము పెట్టుట లేదనియో చెప్పు ఆ సందేశములు అజ్ఞాతములైనచో ఏ అధికారియు కదలడు. పేరున్నపుడే అది దరఖాస్తునకు సమానమగును. దూరపు నగరములనుండి అపరిచితులు ఫోను చేసి అడుగుచుండగా కూలి చెల్లింపులు జరిగిన సందర్భములును కలవు. పేదవానికి ఇచట పేరే రక్షయైనది. పదిమందికి తెలిసిన ఫిర్యాదిని గుట్టుగ హింసించుట కష్టము. కాని ఇది అన్ని విషయములకు చెల్లదు. తాగునీటిని గురించి పేరు చెప్పగలిగినవాడు ఆయుధము ధరించినవారిని గురించి చెప్పజాలడు. ఎక్కడ పేరు నిలుపవలెనో, ఎక్కడ తీసివేయవలెనో, ఎక్కడ సందేశమునే ఆపవలెనో నిర్ణయించు భారము మోడరేటరుపై పడినది. అతడు పొరపడినచో నష్టపోవువాడు తాను గాడు. అడవిలోని ఆ మనిషి.

వ్రాతకు లేని మరియొక చిక్కు ధ్వనికి కలదు. అక్షరములలో మనిషి దాగగలడు, కంఠములో దాగలేడు. కొలదిమందికే ఫోనులున్న పల్లెలో ఒక్క వాక్యము వినగనే అది యెవరి గొంతుకయో చుట్టుపట్ల వారందరు పోల్చుకొందురు. పేరు కత్తిరించినను యాస మిగులును. కనుక ధ్వనివేదికలలో గోప్యతను కోరువానికి, మోడరేటరే ఆ విషయమును తన గొంతుతో తిరిగి చెప్పుట యొక్కటే నిజమైన రక్షణము.

మోడరేటర్లు చాలనిచో శ్రోతలే ఆ పని చేయగలరా యను ప్రశ్నకు సంగీత్ స్వర అను ప్రయోగము కొంత సమాధానమిచ్చినది. బిల్ థీస్, ఆదిత్య వశిష్ఠ మున్నగువారు 11 వారములు నడిపి 2015లో ప్రకటించిన ఈ పాటల వేదికలో, విన్నవారే ఫోనుపై అంకెలు నొక్కి మంచిచెడ్డలు నిర్ణయించిరి. అంధులు దీనిని ఎక్కువ ఆదరముతో వాడుకొనిరి; శ్రోతల వర్గీకరణము చాలవరకు సరిగనే యుండెను. పాటల విషయమున ఇది శ్లాఘనీయమే. ఆరోపణల విషయమున మాత్రము ఓట్లచే సత్యము తేలదు. వేయిమంది మెచ్చినను అబద్ధ మబద్ధమే. ఇక సిగ్నలు లేని పల్లెలకై బ్లూటూత్ ద్వారా ఒక ఫోనునుండి మరియొక ఫోనునకు ధ్వనిని చేరవేయు పద్ధతిని సీజీనెట్ వారు తరువాత ప్రవేశపెట్టిరి. బుల్టూ రేడియో యని దానిని పిలిచిరి.

వాట్సాప్ కాలము : 2015 తరువాత ఫోనులు, టవర్లు విస్తరించినకొలది సంభాషణము వాట్సాప్ గ్రూపులలోనికి మారినది. గని పట్టణపు గ్రూపులో షిఫ్టు మార్పులు, నీళ్లు వచ్చు వేళలు, అమ్మకపు ప్రకటనలు, పండుగ శుభాకాంక్షలు, బంద్ పుకార్లు ఒకదాని వెంట నొకటి వచ్చును. మావోయిస్టుల బంద్ దినములలో విశాఖపట్టణపు ప్యాసింజరును కిరండూల్ వరకు రానీయక దంతెవాడలోనే నిలిపివేయుట పరిపాటియై యుండెను గనుక, బండి వచ్చునా రాదా యను ఒక్క పుకారు ఎన్నియో కుటుంబముల ప్రయాణములను తలక్రిందులు చేసెడిది. వాట్సాప్‌లో ఫోను నంబరు కనబడును గనుక అది అజ్ఞాతము కాదని పలువురు తలంతురు. అది పొరపాటు. ఫార్వర్డు చేసిన సందేశమునకు మొదటి కర్త యెవరో అందుకొన్నవానికి తెలియదు. పంపినవాడు కనబడును, వ్రాసినవాడు కనబడడు. అన్ని నేరములును ఆ సందునుండియే దూరుచున్నవి.

2018 మే నెలలో పిల్లలనెత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు తెలుగు రాష్ట్రములందంతట ప్రాకి, అమాయకులు మూకల చేతిలో దెబ్బలు తినిరి, ప్రాణములును కోల్పోయిరి. జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి పల్లెకొక కానిస్టేబులును బాధ్యుని చేసి, డప్పు వాయించి పాటలతో, దండోరాతో పుకార్లను ఖండింపజేసి తన ప్రాంతమున హత్యలు జరుగకుండ కాపాడెను. ఆ యేడు జూలైలో వాట్సాప్ భారతదేశమున ఒక సందేశమును ఒక్కమారు అయిదు చోట్లకు మించి ఫార్వర్డు చేయరాదని పరిమితి విధించినది. యంత్రము పెట్టిన పరిమితి వేగమును తగ్గించినది. విశ్వాసమును నిలిపినది మాత్రము ఊరికి వచ్చి నిలిచిన మనిషియే.

దంతెవాడలో వేరొక తెరగు జరిగినది. 2016 మార్చిలో ఒక ఉన్నత పోలీసు అధికారిని ఉద్దేశించి వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశమును కారణముగ జూపి ఒక స్థానిక పాత్రికేయుని సమాచార సాంకేతిక చట్టము క్రింద నిర్బంధించిరి. అదే నెలలో ఎడిటర్స్ గిల్డ్ వారి నిజనిర్ధారణ బృందము బస్తరునకు వచ్చి, భయము గాని ఒత్తిడి గాని లేక పనిచేయుచున్నానని చెప్పగల పాత్రికేయు డొక్కడును తమకు కానరాలేదని నివేదించెను. గ్రూపులో నున్నవారందరు పరిచితులని నమ్మి మాటలాడుట యెంత అపాయకరమో ఆ నిర్బంధమువలన తెలియుచున్నది.

పేరుండుటయే సత్యమునకు ప్రమాణమనువారికి కిరండూల్ మరియొక ఉదాహరణము నిచ్చినది. బైలాడీలా 13వ నిక్షేపమున తవ్వకమునకు హిరోలీ గ్రామసభ సమ్మతించినదనిన 2014 నాటి పత్రముపైని సంతకములు కల్పితములని గ్రామస్థు లారోపించిరి. 2019 జూన్‌లో వేలాది ఆదివాసులు ఆ నిక్షేపమున్న తమ నందరాజ కొండను కాపాడుకొనుటకు కిరండూల్‌లోని గని కార్యాలయము నెదుట దినముల తరబడి కూర్చుండిరి. రాష్ట్రప్రభుత్వము పనుల నాపి విచారణకు అంగీకరించెను.

శాసనములు : అభ్యంతరకరమైన సందేశమును పంపుట నేరమనిన సమాచార సాంకేతిక చట్టపు 66ఏ సెక్షనును, అది అస్పష్టమైనదని, వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసెను. 2021 ఫిబ్రవరిలో వెలువడిన మధ్యవర్తి నియమములు, ఏబది లక్షలకు మించిన వాడుకరులు గల సందేశసేవలు కోర్టు గాని అధికృత అధికారి గాని ఆదేశించినపుడు సందేశమునకు మొదటి కర్తను గుర్తింపవలెనని విధించెను. అట్లు చేయుటకు ప్రతివాని సందేశమునకును ముందుగనే గుర్తు వేయవలసివచ్చుననియు, రహస్యలిపి భగ్నమగుననియు వాట్సాప్ ఢిల్లీ హైకోర్టున సవాలు చేసెను. గ్రూపులో ఇతరుడు పెట్టిన దానికి అడ్మిన్ కేవలము అడ్మినైనందున దోషి కాడని బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనము 2021లోను, కేరళ హైకోర్టు 2022లోను తీర్పు చెప్పెను. సిమ్‌కార్డు కొనునపుడే గుర్తింపుపత్ర మిచ్చుచున్నాము గనుక సామాన్యుని అజ్ఞాతత్వము ఇరుగుపొరుగువారినుండియే గాని ప్రభుత్వమునుండి కాదనుట మరువరానిది. అక్రమమును వెల్లడించినవారికి రక్షణ నీయవలసిన 2014 నాటి చట్టము పార్లమెంటు ఆమోదమును, రాష్ట్రపతి సమ్మతిని పొందియు అమలులోనికి తేబడలేదు. పేరు రాబట్టు నియమము వచ్చినంత త్వరగ పేరు కాపాడు చట్టము రాకపోవుట న్యాయము కాదు.

పర్యవేక్షకులు, భాషలు : ఈ పర్యవేక్షణ వ్యవస్థ భారమునంతయు మోయుచున్నవారు సామాన్య వేతనజీవులు. ఫేస్‌బుక్ కొరకు హైదరాబాదులో ఒక గుత్తసంస్థ నడిపిన కార్యాలయమున, ఒక్కొక్కరు ఎనిమిది గంటల షిఫ్టులో సుమారు 2,000 అంశములను పరిశీలింపవలసి వచ్చుచుండెనని రాయిటర్స్ 2019లో ప్రకటించెను. నిమిషమునకు నాలుగు చొప్పున హింసను, బీభత్సమును చూచుచు తీర్పు చెప్పువాని మనస్సు ఏమగునో ఊహింపవలసినదే. మయన్మారులో బర్మా భాష తెలిసిన పరిశీలకులు చాలనందున ద్వేషప్రచారము ఆగలేదని, తాము తగినంత చేయలేదని ఫేస్‌బుక్ సంస్థయే 2018లో అంగీకరించినది.

గోండీ పరిస్థితి ఇంతకంటె జటిలము. 2011 జనాభా లెక్కలలో సుమారు 30 లక్షల మంది తమ మాతృభాషగ చెప్పిన ఈ ద్రావిడ భాష ఎనిమిదవ షెడ్యూలులో లేదు; దీనిని దేవనాగరి లిపిలోను, తెలుగు లిపిలోను వ్రాయుచున్నారు. మసరాం గోండీ లిపికి 2017లోను, ఆదిలాబాదు జిల్లా గుంజాలలో వెలుగుచూచిన గుంజాల గోండీ లిపికి 2018లోను యూనికోడున స్థానము లభించెను. ఒకే తిట్టు, ఒకే బెదిరింపు ఇన్ని లిపులలో వచ్చుచుండగా మాటల పట్టికను చూచి తొలగించు యంత్రము నిరుపయోగము. ముఖ్‌బిర్ అను మాట నగరమున కూర్చున్న పరిశీలకునికి నిరపాయముగ తోచును. దక్షిణ బస్తరువానికి అది మరణశాసనమని తెలియును.

కావున ఈ వేదికలను నడుపు సంస్థలును, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములును గోండీ, కోయ, దొర్లి, హల్బీ మాటలాడు స్థానిక యువతీయువకులను తగిన వేతనముతో ఈ పనికి నియమింపవలెను. తమ యొద్దకు చేరిన పేర్లను బయటపెట్టుమని వారిని ఒత్తిడి చేయరాకుండ శాసనము చేయవలెను. అంతవరకు కిరండూల్ వంటి ఊళ్లలో గ్రూపులు నడుపుచున్న మన తెలుగువారు చేయగలిగిన పని యొకటి కలదు: ఒకరిని పేరుపెట్టి నిందించు సందేశము, ఎంతటి ఆప్తుడు పంపినను, విచారింపక నిలుపకుడు, తన పేరు చెప్పవలదని వేడుకొన్నవాని పేరు ఎవ్వరడిగినను చెప్పకుడు.